ఆ బోల్టు బిగించాల్సింది బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం అనుబంధంలో పాత చిన్నకార్లని చక్రాల మీద మోసే సస్పెన్షన్‌ని ఇంట్లోనే బాగుచేసుకోవడం గురించి మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ తర్వాత పక్కనున్న బొమ్మ చూశాను. చూశాక ఈ ఉత్తరం రాయకపోతే నాకు నిద్రపట్టేలా లేదు. బొమ్మలో కారు స్టాండ్ల మీద ఉంది. చక్రం ఊడదీసి ఉంది. చక్రాన్ని బండికి కలిపే కింది ఇనుప చేయి, అదే లోయర్ ఆర్మ్, కిందికి వేలాడుతోంది. ఒక కుర్రవాడు నవ్వుతూ ఆ ఆర్మ్ బోల్టుని బలంకొద్దీ బిగిస్తున్నాడు. సరిగ్గా అదే పని, అదే వాలకంలో, అంతే సంబరంగా నేనూ చేశాను. నాలుగు నెలలు తిరక్కుండా ఆ ఆర్మ్ కీళ్లలోని కొత్త రబ్బరు బుష్‌లు రెండూ చిరిగిపోయాయి. చేసిన పనంతా మళ్లీ మొదట్నుంచి చేయాల్సి వచ్చింది.

నేను కార్ల మెకానిక్‌ని కాను. 38 ఏళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాను. ఇప్పుడు నాకు 61. కారుకి 17. ఇద్దరికీ కీళ్లు అరిగాయని మా ఆవిడ అంటుంది. పానా, స్క్రూడ్రైవర్ నాకు కొత్త కాదు గానీ, నా చేతికి అలవాటైన మరలు చిటికెన వేలు గోరంత ఉంటాయి. కారు బోల్టుల దగ్గరికి వచ్చేసరికి నేనూ కొత్త శిష్యుడినే.

అయినా సస్పెన్షన్ అంటే ఏమిటో నాకు కుట్టుమిషనే నేర్పింది. మిషన్‌లో సూది పక్కన ఒక పాదం ఉంటుంది, దాని మీద స్ప్రింగు. ఆ పాదం గుడ్డని కింది పళ్లకి అదిమి పట్టుకోకపోతే పళ్లు ఎంత లాగినా గుడ్డ నడవదు, ఎగురుతుంది, కుట్టు తప్పుతుంది. మందపాటి మడత వచ్చినప్పుడు పాదం లేవాలి, మడత దాటగానే వెంటనే దిగాలి. కారులో చక్రం చేసే పని ఇదే. కూర్చున్నవాడి నడుముకి సుఖం రెండో సంగతి. టైరు నేలని వదలకుండా ఉండటం మొదటి సంగతి. టైరు గాలిలో ఉన్నంతసేపూ బ్రేకు పనిచేయదు, స్టీరింగు పనిచేయదు. మీ వ్యాసం మొదటి పేరాలోనే సస్పెన్షన్‌ని ‘ప్రయాణ సౌఖ్యం’ అని తేల్చేసింది. అక్కడే దారి తప్పింది.

ఇంకో చిక్కుంది. సస్పెన్షన్ ఒక్కరోజులో పాడైపోదు. రోజూ కాస్త కాస్త పోతుంది, నడిపేవాడు దానికి రోజూ కాస్త కాస్త అలవాటుపడిపోతాడు. నా బండి ఎలా ఉందో నాకు తెలియలేదు. చాన్నాళ్ల తర్వాత ఊరి నుంచి వచ్చిన మా బామ్మర్ది ఎక్కి కూర్చుని, రెండు మలుపులు తిరిగాక, ‘‘బావా, ఇది కారా, పడవా?’’ అన్నాడు. అప్పుడు గమనించడం మొదలుపెట్టాను. చిన్న గతుకుల మీద టక్‌టక్‌మని చప్పుడు. బ్రేకు వేస్తే ముక్కు నేలకి దిగడం. గుంట దాటాక ఒకసారి ఊగి ఆగాల్సింది మూడుసార్లు ఊగడం. ముందు టైరు మీద అరచేయి పెట్టి నిమిరితే ఎత్తుపల్లాలుగా, అలలు అలలుగా తగిలింది. బానెట్ మూల నొక్కి వదిలిపెట్టి, బండి ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పరీక్ష అందరికీ తెలుసు. అది నేనూ చేశాను. కానీ దాన్ని నమ్ముకోకండి. ఊపుని ఆపే షాక్ అబ్జార్బర్ పూర్తిగా చచ్చిపోతే తప్ప ఆ పరీక్షలో దొరకదు. సగం చచ్చినది దొంగలా తప్పించుకుంటుంది. టైరు మీద పడ్డ అలలు మాత్రం అబద్ధం చెప్పవు.

ముందు చక్రాల దగ్గర నా బండికి ఉన్నది, చిన్నకార్లలో చాలావాటికి ఉన్నది, మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1940ల్లో జనరల్ మోటార్స్‌లో ఉన్నప్పుడు షెవర్లే క్యాడెట్ అనే చిన్న కారు పథకం నడిపాడు. దానికోసం మొదలైన ఆలోచన ఇది. 1947లో ఆ పథకాన్ని ఆపేశారు. ఆయన ఫోర్డ్‌కి వెళ్లాడు. 1950లో బ్రిటన్‌లో బయటికొచ్చిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లలో ఈ అమరికే పెట్టారు. అందులోని పొదుపు చూస్తే నాలాంటివాడికి ముచ్చటేస్తుంది. పై ఆర్మ్ ఉండదు. షాక్ అబ్జార్బరే స్తంభం, దాని చుట్టూ స్ప్రింగు, స్టీరింగు తిప్పితే ఆ స్తంభం మొత్తం పై బేరింగు మీద తిరుగుతుంది. కింద ఒకే ఒక్క ఆర్మ్. ఇంజను పక్కన బోలెడు చోటు మిగులుతుంది.

అయితే ఆ పొదుపు ఊరికే రాలేదు. పై ఆర్మ్ లేదు కాబట్టి బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని వెనక్కి పోకుండా పట్టుకునే పనిలో పెద్ద వాటా ఆ కింది ఆర్మ్‌కే పడుతుంది. ఆర్మ్‌ని బండికి పట్టి ఉంచేవి రెండు రబ్బరు బుష్‌లు. అరచేతిలో పట్టేసే ఆ రెండు ముక్కల గురించే నా గొడవంతా.

పని గురించి చెప్తాను. తెచ్చుకున్నవి: ముందు షాక్ అబ్జార్బర్లు రెండు, పై మౌంటింగులు, బేరింగులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండ్రటి కీళ్లు, అంటే బాల్ జాయింట్లు, మలుపుల్లో బండి ఒరగకుండా చూసే స్టెబిలైజర్ బార్‌కి లింక్ రాడ్లు. స్ప్రింగుల్లో పగుళ్లు లేవు, కింది చుట్టు విరగలేదు, అందుకని పాతవే ఉంచాను. షాక్ అబ్జార్బర్లు ఎప్పుడూ జతగా మార్చాలని మీ వ్యాసంలో రాసింది నిజమే. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

శనివారం పొద్దున్న మొదలుపెట్టాను. ఆదివారం సాయంత్రానికి అయిపోతుందని మా ఆవిడతో అన్నాను. తొమ్మిది రోజులు పట్టింది. అందులో నాలుగు రోజులు ఒక్క బోల్టు తినేసింది. కుడివైపు ఆర్మ్ ముందు బోల్టు. నట్టు వచ్చింది, బోల్టు రాలేదు. తల పట్టి తిప్పితే తిరుగుతోంది, బయటికి మాత్రం రాదు. బుష్ లోపలి ఇనుప గొట్టంలో తుప్పు పట్టి బోల్టూ గొట్టమూ ఒకటైపోయాయి. మనం బోల్టు తిప్పుతున్నామని అనుకుంటాం, నిజానికి బోల్టు, గొట్టం కలిసి రబ్బరుని చింపుకుంటూ తిరుగుతుంటాయి. తుప్పు వదిలే నూనె పోసి రాత్రంతా ఉంచాను. పొద్దున సుత్తితో కొట్టాను. మళ్లీ నూనె. మళ్లీ సుత్తి. మూడోరోజు బామ్మర్ది బావురుమన్నాడు. ఇంకా గట్టిగా కొడితే ఆర్మ్‌ని పట్టుకున్న బ్రాకెట్ వంగుతుందని నాకు భయం. చివరికి రంపపు బ్లేడుకి ఒక చివర గుడ్డ చుట్టి పిడిగా చేసుకుని, బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సందులో దూర్చి బోల్టుని రెండుచోట్ల కోశాను. నాలుగు బ్లేళ్లు అరిగాయి. ఇంట్లో ఈ పని చేద్దామనుకునేవాళ్లు మొదటిరోజే బోల్టులన్నీ ఒకసారి కదిపి చూసుకోవాలి. కొత్త బోల్టులు చేతిలో లేకుండా పాతవి కోయకూడదు. బండి స్టాండ్ల మీద ఉండిపోతుంది, మనం దాని పక్కన కూర్చుండిపోతాం.

బాల్ జాయింట్ విడదీయడం మాత్రం అనుకున్నదానికంటే సులువు. దాని కాడ కొసవైపు సన్నబడుతూ బెజ్జంలో బిగుసుకుపోయి ఉంటుంది. చీలిక పనిముట్టు దూర్చి ఎగదన్నితే రబ్బరు తొడుగు చిరుగుతుంది. నట్టుని చివరి రెండు చుట్ల మీద ఉంచి, ఆ బెజ్జం ఉన్న ఇనుప చెవి పక్కన సుత్తితో రెండు మంచి దెబ్బలు వేస్తే, చెవి క్షణకాలం అదిరి కాడని వదిలేస్తుంది. నట్టు ఉంది కాబట్టి ఆర్మ్ మన మీదికి ఎగిరిపడదు. ఆ తర్వాత చక్రం బిగించే హబ్‌ని బ్రేకు గొట్టం మీద వేలాడనీయకూడదు. తీగతో పైకి కట్టేయాలి. బయటికి ఎక్కువ లాగితే యాక్సిల్ లోపలి జాయింటు ఊడొస్తుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వైరు క్లిప్పు మర్చిపోతే తెగుతుంది. ఇవన్నీ మీ వ్యాసంలో ఉన్నాయి, బాగానే రాశారు.

స్ప్రింగు దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. షాక్ అబ్జార్బర్ మార్చాలంటే దాని చుట్టూ ఉన్న స్ప్రింగుని కంప్రెసర్లనే కొక్కేల పనిముట్లతో ముందు నొక్కిపట్టాలి. ‘రెండు కంప్రెసర్లు తగిలించి ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తే స్ప్రింగు దానంతటదే లొంగుతుంది’ అని ఒక్క వాక్యంలో తేల్చారు. లొంగదండీ. పగపట్టి కూర్చుంటుంది. స్ప్రింగుని ఎంత నొక్కితే అంతకు తగ్గ బలంతో తిరగబడుతుందని రాబర్ట్ హుక్ 1678లోనే లెక్క చెప్పాడు. ఒక మిల్లీమీటరు నొక్కడానికి 2 కిలోల బరువు కావాల్సిన స్ప్రింగుని 10 సెంటీమీటర్లు నొక్కామంటే 200 కిలోల బరువుని రెండు కొక్కేల మధ్య బంధించి ఒళ్లో పెట్టుకున్నట్టే. అప్పుడు ఒక కొక్కెం జారితే? మాకు జారింది. పూర్తిగా కాదు, చుట్టు వెంబడి పావు వంతు పక్కకి తిరిగి, టంగ్‌మని మోగి ఆగింది. బామ్మర్ది, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఎవరం మాట్లాడలేదు. నేను మెల్లగా, చుట్టుకి చుట్టు, రెండు కంప్రెసర్లూ వదులు చేశాను. స్ట్రట్లు రెండూ గోనెసంచిలో వేసుకుని, గోడకి బిగించిన స్ప్రింగు ప్రెస్ ఉన్న ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రవాడు అరగంటలో రెండూ మార్చి ఇచ్చాడు. చేసేముందు నన్ను వెనక్కి జరగమన్నాడు. రోజూ ఇదే పని చేసేవాడు కూడా స్ప్రింగుకి ఎదురుగా నిలబడలేదు. స్ప్రింగు నొక్కిపట్టకుండా స్ట్రట్ పైనున్న నడిమి నట్టు విప్పకూడదన్న మాట పెద్దక్షరాల్లో, విడిగా గీత గీసి వేయాల్సింది. మీ వ్యాసంలో అది నాలుగో పేరా మధ్యలో నలిగిపోయింది.

కొత్త షాక్ అబ్జార్బర్‌ని బిగించేముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగాలి. పెట్టెలో పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపలి గొట్టంలోకి గాలి బుడగలు చేరతాయి, అవి పైకి పోవాలి. మొదటి రెండుసార్లు మధ్యలో ఎక్కడో చేతికి ఖాళీగా తగులుతుంది, తర్వాత మొదట్నుంచి చివరిదాకా ఒకేలా బరువుగా నడుస్తుంది. లోపలి నూనె సన్నటి కంతల్లోంచి దూరడానికి పడే అవస్థే ఊపుని చంపేది. ఊపంతా వేడిగా మారిపోతుంది. ఇది చేసి చూపిస్తే మా అమ్మాయికి కూడా సరదా పుట్టింది, ‘‘నాన్నా, ఇంకోసారి’’ అంటూ తనే పది సార్లు నొక్కింది.

బుష్‌లు ఎక్కించడం మా బెంచి వైస్‌తో అయిపోయింది. బుష్ బయటి అంచుకి సరిపడా ఒక సాకెట్టు, అవతలివైపు ఒక ముక్క పైపు. పాత బుష్ ఊడదీసేముందు దాని రబ్బరులో ఖాళీ సందులు ఏ దిక్కుకి ఉన్నాయో ఆర్మ్ మీద గీత గీసుకోవాలి, కొత్తది అదే దిక్కున కూర్చోవాలి. సబ్బునీళ్లు రాయండి, గ్రీజు రాయకండి. ఖనిజ నూనె తగిలితే చాలా రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

ఇక్కడిదాకా బాగానే చేశాను. ఇక బిగించడం. మాన్యువల్లో ఏ బోల్టుకి ఎంత అని ఉంటుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచి అరువు తెచ్చాను. 100 న్యూటన్ మీటర్లంటే మీటరు పొడవు పానా చివర సుమారు 10 కిలోల బరువు వేలాడదీసినట్టని అమ్మాయి లెక్క కట్టి చెప్పింది. ప్రతి బోల్టూ రెంచి టిక్‌మనేదాకా బిగించాను. బిగించిన ప్రతి దాని మీదా తెల్లరంగు చుక్క పెట్టాను. మిషన్ బాగుచేశాక పరీక్షకి గుడ్డ కుట్టి చూసినట్టు బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చాను. టక్‌టక్ పోయింది. ఊగడం పోయింది. బండి ముందుభాగం మునుపటికంటే కాస్త పైకి లేచి నిలబడింది కూడా. స్ప్రింగులు పాతవే కదా, ఎందుకు లేచిందని ఒక్క క్షణం ఆలోచిస్తే సరిపోయేది. ఆలోచించలేదు. మురిసిపోయాను.

నాలుగో నెలలో బ్రేకు వేస్తే ముందునుంచి డబ్బుమని ఒక చప్పుడు మొదలైంది. కింద దూరి టార్చి వేసి చూస్తే ముందు బుష్‌లు రెండూ చిరిగాయి. అరిగిపోయిన రబ్బరు ఎలా ఉంటుందో పాతవి విప్పినప్పుడు చూశాను, పొడిబారి పగిలి ఉంటుంది. ఇవి అలా లేవు. రబ్బరు నిగనిగలాడుతోంది. లోపలి గొట్టాన్ని పట్టుకున్నచోట మాత్రం ఎవరో మెలిపెట్టి తెంపినట్టు ఒకవైపుకి చీలింది. నాకు ఒళ్లు మండింది. నకిలీ సరుకు అంటగట్టారని అమ్మినతన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఎదురుగా వెళ్లి తిట్టలేదు, అంతవరకు నయం.

నిజం ఎలా తెలిసిందంటే, ఆ తెల్లరంగు వల్ల. బోల్టు బిగించినప్పుడు చుక్క పెట్టడంతో ఆగలేదు నేను. అలవాటు కొద్దీ బ్రాకెట్ మీంచి ఆర్మ్ మీదికి ఒక నిలువు గీత కూడా గీశాను. మిషన్లు విప్పేటప్పుడు అలాగే గుర్తు పెట్టుకుంటాం. ఇప్పుడు నాలుగు చక్రాల మీద నిలబడ్డ బండి కింద పడుకుని చూస్తే ఆ గీత రెండు ముక్కలై ఉంది. బ్రాకెట్ మీద ముక్క ఒకచోట, ఆర్మ్ మీద ముక్క ఇంకోచోట. బోల్టు వదులైందనుకుని పానా వేశాను. వదులు కాలేదు. రాయిలా ఉంది. మరి గీత ఎందుకు విరిగింది?

అమ్మాయి కోణమానిని తీసుకుని కొలిచాను. 17, 18 డిగ్రీలు. తర్వాత కాగితం మీద లెక్క వేశాను. ఆర్మ్ పొడవు 33 సెంటీమీటర్లు. బండిని ఎత్తితే చక్రం 10 సెంటీమీటర్లు కిందికి వేలాడుతుంది. అంతకి ఎంత కోణం తిరుగుతుందని చూస్తే, అదే లెక్క. అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఆర్మ్ ఉండే చోటుకీ, నేను బోల్టు బిగించినప్పుడు ఆర్మ్ ఉన్న చోటుకీ అంత తేడా ఉందన్నమాట.

ఇప్పుడు బుష్ ఎలా పనిచేస్తుందో చూడండి. అందరూ దాన్ని బేరింగు అనుకుంటారు, గొట్టంలో గొట్టం జారుతూ తిరుగుతుందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా బండిలో ఉన్న రకం జారదు. లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక ఇనుప గొట్టం, మధ్యలో రబ్బరు, అది రెండింటికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్ పళ్ల మధ్య చిక్కి కదలకుండా అయిపోతుంది. బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు తిరుగుతుంది. మధ్యలో రబ్బరు మెలిపడుతుంది, తిరిగి విప్పుకుంటుంది. తడిగుడ్డ ఒక చివర ఒకరు పట్టుకుని రెండో చివర ఇంకొకరు తిప్పినట్టు. బోల్టు బిగించిన క్షణంలో ఆర్మ్ ఎక్కడుంటే రబ్బరుకి అదే పుట్టిల్లు, మెలిక లేని చోటు.

నేను ఆర్మ్ వేలాడుతుండగా బిగించాను. కాబట్టి నా రబ్బరుకి మెలిక లేని చోటు చక్రం గాలిలో ఉన్నప్పుడు. బండిని దించగానే, ఒక్క అడుగు కదలకముందే, 18 డిగ్రీల మెలిక పడింది. రాత్రంతా నిలబెట్టి ఉంచినా మెలికలోనే ఉంది. ఇక గుంటలో పడి చక్రం మరో 7 సెంటీమీటర్లు పైకి లేస్తే ఇంకో 12 డిగ్రీలు. మొత్తం 30. నేలమీద బిగించి ఉంటే ఆ 12తోనే పోయేది. ముందుభాగం కాస్త లేచి నిలబడ్డ రహస్యం కూడా ఇదే, మెలిపడ్డ రబ్బరు విప్పుకోవాలని ఆర్మ్‌ని కిందికి తోస్తోంది, బండి ఆ మేరకి లేచింది. నేను దాన్ని చూసి మురిసిపోయాను.

అదే బోల్టు, అదే టార్క్, అదే రెంచి. ఎంత బిగించాలో పుస్తకం చూసి తూచా తప్పకుండా చేశాను. ఎప్పుడు బిగించాలో చూడలేదు. మాన్యువల్ మళ్లీ తీసి చదివితే ఆ పేజీ అడుగున ఉంది, బండి బరువు చక్రాల మీద ఉండగా బిగించమని. అంకెలున్న పట్టీ మీద కళ్లు పడ్డవాడికి అడుగున ఉన్న వాక్యం కనపడుతుందా?

రెండోసారి ఇలా చేశాను. విప్పకముందే, బండి నేల మీద ఉండగా, చక్రం నడిమి నుంచి నిట్టనిలువుగా పైనున్న ఫెండరు రేకు అంచుదాకా కొలిచి రాసుకున్నాను, 37 సెంటీమీటర్లు. బుష్‌లు మార్చి, బోల్టులు చేత్తో తిరిగినంతవరకు తిప్పి, పానాతో ఊరికే ఆనేలా వదిలేశాను. స్టాండ్లు బండి కిందే ఉంచి, ఆర్మ్ చివర బాల్ జాయింట్ దగ్గర జాకీ పెట్టి, ఆ కొలత మళ్లీ 37 వచ్చేదాకా ఎత్తాను. అప్పుడు ఆర్మ్ దాదాపు నేలకి సమాంతరంగా వచ్చింది. అప్పుడు రెంచి వేశాను. ఎత్తుతున్నప్పుడు బండి స్టాండు మీంచి లేవబోతే అక్కడే ఆగిపోవాలి, జాకీ మీద నిలబడ్డ బండి కిందికి తల దూర్చకూడదు. అంతకంటే నిమ్మళమైన దారి, మందపాటి చెక్కలు పొరలుగా మేకులతో కలిపి నాలుగు దిమ్మెలు చేసుకుని నాలుగు చక్రాల కిందా పెట్టి, బండి పూర్తి బరువుతో వాటి మీద నిలబడ్డాక కిందికి దూరి బిగించడం. నేను చివరికి అలాగే ఇంకోసారి సరిచూసుకున్నాను. నా ఆర్మ్‌కి వెనకనున్న పెద్ద బుష్ నిలువుగా నిలబడేది, దానికి ఇంత పట్టింపు లేదు. స్టెబిలైజర్ బార్ బుష్‌లని మాత్రం రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండగా బిగించాలి.

వెనకవైపు పని చాలా తేలిక. అడ్డంగా ఒక దూలం, దాని మీద రెండు స్ప్రింగులు, పక్కన షాక్ అబ్జార్బర్లు. దూలం కింద జాకీ పెట్టి, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు తీసి, మెల్లగా దించితే స్ప్రింగులు చేతికి వచ్చేస్తాయి. కంప్రెసర్ అక్కర్లేదు. ఆ కింది బోల్టు దూరే బెజ్జంలోనూ రబ్బరే ఉంటుంది, దాని నియమమూ అదే.

చక్రాలు సరైన కోణంలో నిలబడేలా సరిచేసే అలైన్‌మెంటు గురించి ఒక మాట. ‘బోల్టులు పాత గుర్తుల మీదే బిగిస్తే అలైన్‌మెంటు అక్కర్లేదు’ అని రాశారు. స్ట్రట్‌ని హబ్‌కి పట్టే బోల్టులు రెండు, వాటి మధ్య దూరం 6 సెంటీమీటర్లనుకోండి. బెజ్జంలో ఒక్క మిల్లీమీటరు ఆట ఉన్నా చక్రం దాదాపు ఒక డిగ్రీ లోపలికో బయటికో వాలుతుంది. పాత బోల్టు మీద గీసిన గీత ఒక మిల్లీమీటరు వెడల్పు ఉంటుంది కదా. టైరు అరగడానికి అంత చాలు. పని అయ్యాక యంత్రం మీద చూపించుకోవడం తప్పదు. అదీ బుష్‌లు సరిగ్గా బిగించాకే, కొన్నిరోజులు నడిపి అన్నీ కుదురుకున్నాకే.

ఈ గురువారం మీ ఉత్తరాల పేజీలోనే ఒక పాఠకుడు ఆ వ్యాసం మీద మండిపడుతూ, సస్పెన్షన్ లాంటివి ఇంట్లో ముట్టుకోవడమే నేరమన్నారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోను. నేను చేసిన తప్పు ఇళ్లలోనే జరుగుతుందని అనుకోవడం పొరపాటు. ఎక్కడైనా సరే, తొందరలో ఉన్నవాడు బండి గాల్లో ఉండగానే నట్లన్నీ బిగించి దించేస్తాడు, అడిగేవాడు లేడు. ఇంట్లో చేసుకున్నవాడికి ఒక లాభముంది. నాలుగు నెలల తర్వాత ఆ చిరిగిన బుష్‌ని చేతిలో పట్టుకుని ఇది ఎందుకిలా అయిందని రెండు రోజులు కూర్చుని ఆలోచించే తీరిక అతనికే ఉంటుంది. స్ప్రింగు ఒక్కటి బయట చేయించుకోండి. మిగతాది ఓపికున్నవాడు ఇంట్లో చేసుకోవచ్చు.

రెండో జత బుష్‌లు వేసి పదకొండు నెలలైంది. నెలకోసారి టార్చి వేసి చూస్తున్నాను. తెల్లగీత బండి నేల మీద ఉన్నప్పుడు ఒకటిగా ఉంటుంది, జాకీ వేసి ఎత్తితే విరుగుతుంది. మునుపు దీనికి తలకిందులుగా ఉండేది.

మీరు సవరణ వేస్తే సంతోషం. వేయడానికి చోటు లేకపోతే కనీసం ఆ బొమ్మ మార్చండి. కుర్రవాడు నవ్వుతూనే ఉండొచ్చు, ఆర్మ్ కింద ఒక జాకీ పెట్టించి తీయించండి.

ఇట్లు,
కుట్టుమిషన్లు బాగుచేసే మీ పాత పాఠకుడు